అంజి నేర్పిన బీరు

మారతహళ్ళి, బెంగళూరు
జూన్

అక్కా,

ఆసుపత్రి అడ్రసుకు ఉత్తరం వస్తే మీ సిస్టర్లంతా లవ్ లెటరని నిన్ను ఏడిపిస్తారు. తమ్ముడు రాశాడని కవరు చూపించు. నేనేం చేయను మరి? ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. నువ్వు డ్యూటీకి పోతే నీ ఫోన్‌లో పాటలు వింటూ కూర్చుంటుంది. మెసేజ్ పెడితే పక్కింటి పిల్లను పిలిచి చదివించుకుంటుంది. కాగితం మీద రాసిందైతే నీ ఒక్కదానికే చేరుతుంది. చదివి చించెయ్.

విషయం ఏంటంటే, నేను బీరు తాగాను.

ముందు కోప్పడకు. మా టీమ్ లీడ్ వీరభద్రం గారు శుక్రవారం సాయంత్రమైతే అందర్నీ రింగ్ రోడ్డు మీద బీరు కాచి అమ్మే చోటికి తీసుకుపోతాడు. నేను చేరి మూడు నెలలైంది. అన్నాళ్ళూ నిమ్మకాయ సోడాతో నెట్టుకొచ్చాను. కానీ ఎవరికి ఏ పని ఇవ్వాలో, ఎవర్ని పర్మనెంట్ చేయాలో అంతా ఆ బల్ల దగ్గరే తేలిపోతుందక్కా. రెండో గ్లాసు దాటాక వాళ్ళు కన్నడంలో, ఇంగ్లీషులో, తెలుగులో కలిపి ఏదో అంటారు, పగలబడి నవ్వుతారు. నాకు మాటలన్నీ అర్థమవుతాయి, నవ్వు మాత్రం రాదు. సోమవారం ఆఫీసులో మళ్ళీ ఆ జోకే తలుచుకుని నవ్వుకుంటారు. నేను కంప్యూటర్లోకి తల దూర్చి కూర్చుంటాను.

అందుకే మొన్న ఒక గ్లాసు తీసుకున్నాను. ఛీ! దగ్గు మందు కూడా ఇంతకన్నా నయం. ఈ చేదు కోసం మనుషులు ఇళ్ళూ వాకిళ్ళూ ఎందుకు పాడుచేసుకుంటారో అర్థం కాలేదు. మొహం చిట్లిస్తుంటే అంజి చూసి నవ్వాడు. అంజి అంటే మా పీజీలో నా రూమ్మేట్, మా టీమే. అనంతపురం వైపు వాళ్ళు, చిన్నప్పుడే బెంగళూరు వచ్చేశారు. వాళ్ళమ్మ గంగమ్మ దేవనహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టేచోట ఇటుకలు మోస్తుంది. ఒక్కడే కొడుకు.

"ఫస్ట్ గ్లాసు ఎవునికీ నచ్చదప్పా," అన్నాడు. "చేదుండాదని మూతి తిప్పుకుంటే ఎట్ల? కాఫీ మొదట తాగినప్పుడు నీకు నచ్చిందా ఏమి? మూడో గ్లాసు అడుగు, అప్పుడు మాట్లాడుదాం."

నాకు బీరు నచ్చితే బాగుండునని ఉందక్కా. ఆ బల్ల దగ్గర నేనూ ఒకడినవ్వాలని ఉంది. ఇందులో తప్పుంటే నువ్వే చెప్పు.

నీ తమ్ముడు
జోనా

మార్కాపురం
జూలై

ఒరేయ్ పెద్దమనిషీ,

నీ ఉత్తరం మా హేమలత సిస్టర్ అందరి ముందూ ఊపుకుంటూ తెచ్చింది. తమ్ముడని చెబితే ఒక్కరూ నమ్మలేదు. చదివాక ప్రేమలేఖే అయితే బాగుండేది అనుకున్నాను.

తాగాక అడిగేవాడికి నేనేం చెప్పను? వద్దంటే మానతావా? దొంగతనంగా తాగుతావు. అది ఇంకా పాడు. ఒక గ్లాసు దగ్గర ఆగు. ఖాళీ కడుపుతో తాగకు. తాగిన రోజు బండి ముట్టావో, నేనే బస్సెక్కి వచ్చి నీ వీపు చీరేస్తాను. నర్సుగా చెప్పేది ఇంతే.

అక్కగా ఇంకోటి చెప్పాలి. నాన్న తాగే రోజులు నీకు లీలగా గుర్తుండాలి. నువ్వు మంచం కింద దూరేవాడివి. నాన్న మానేశాక మనింట్లో గిన్నెల చప్పుడు వంటకు తప్ప ఇంక దేనికీ వినపడలేదు. షుగరు వచ్చి పోయేదాకా ఆయన మళ్ళీ ముట్టలేదు. అమ్మ ఇప్పటికీ ఉపవాస కూటంలో ఆ సంగతే చెబుతుంది, తన ప్రార్థన ఆలకించి దేవుడు నాన్నను ముట్టి మార్చాడని. అమ్మకు నీ బీరు సంగతి తెలిస్తే ఏమైపోతుందో ఆలోచించు. నేనైతే చెప్పను.

ఆ అంజిని అడిగానని చెప్పు. మంచి గురువే దొరికాడు నీకు.

ప్రమీల

మారతహళ్ళి
ఆగస్టు

అక్కా,

అంజి చెప్పింది నిజమే. మూడోసారికి నచ్చింది!

గోధుమ బీరని ఒకటుంటుంది, చేదు తక్కువ. దాంతో మొదలుపెట్టించాడు. చప్పరించకూడదట, నోటినిండా తీసుకుని మింగేయాలట. మధ్యలో ఉల్లిపాయ, నిమ్మకాయ కలిపిన వేరుశనగలు. మొన్న వాన పడి వెలిసింది, మేడమీద కూర్చున్నాం. చల్లటి గ్లాసు చేతిలో ఉంది, నురగ పెదవికి అంటుకుంది. మింగాక వెనకనుంచి ఆ చేదు మెల్లగా వచ్చింది, అదీ బాగుంది. ఎందుకు బాగుందో చెప్పలేను. వీరభద్రం గారు ఏదో అన్నాడు, అందరికన్నా ముందు నేనే నవ్వాను. ఆ తర్వాత నేను అన్న మాటకు వాళ్ళు నవ్వారు. అక్కా, ఇంటినుంచి వచ్చాక అంత హాయిగా ఎప్పుడూ లేను.

అంజి నా గ్లాసు పైకెత్తి, "పాసయినాడప్పా మా జోనా!" అని కేక పెట్టాడు. అందరం ఫోటో దిగాం.

ఒక్క గ్లాసే. బండి అక్కడే వదిలేసి బస్సులో వచ్చాం. నీ మాట దాటలేదు.

జోనా

మార్కాపురం
ఆగస్టు

జోనా,

ఆ ఫోటో ఎవడో ఫేస్‌బుక్‌లో పెట్టాడు. పాస్టరమ్మ చూసి, ఆరాధన అయ్యాక అమ్మకు చూపించింది. గ్లాసు ముందు పెట్టుకుని పళ్ళికిలిస్తున్నావు.

అమ్మ తిడుతుందని, ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. మరునాడు లేచి కందులు వేయించింది. "పిల్లోడు ఏం తింటన్నాడో ఏమో, పొడి కొట్టి పంపిస్తా," అంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు కూడా ఆ ఊసే ఎత్తలేదు కదా? నాకు భయంగా ఉంది. అమ్మ అరిస్తేనే నయం.

పొడి బస్సు పార్సిల్‌లో వస్తుంది. వెళ్ళి తెచ్చుకో. కొన్నాళ్ళు ఆ శుక్రవారాలు మానేయరాదూ.

ప్రమీల

మారతహళ్ళి
సెప్టెంబరు

అక్కా,

నువ్వు మానమన్నావు, నేను మానలేదు. ఇప్పుడు బీరే నన్ను మానేసింది.

అమ్మ పొడి వచ్చినప్పటినుంచి పీజీ సాంబారు జోలికి పోకుండా రెండు పూటలా దాంతోనే తింటున్నాను. ఒంట్లో బాగానే ఉంది. శుక్రవారం సగం గ్లాసు తాగానో లేదో, మొహమంతా మంట. చెవులు ఎర్రగా కాలిపోయాయి. గుండె దడదడమని గొంతులో కొట్టుకుంది. బాత్రూములో పడి కక్కుకున్నాను. కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చుంటే అంజి వచ్చి మొహం కడిగి, ఆటోలో ఇంటికి తెచ్చాడు. పోనీ తిన్నది పడలేదేమో అనుకున్నాను. తర్వాతి వారం రెండు గుక్కలే తాగాను. మళ్ళీ అంతే.

బల్ల దగ్గర నా పేరు మీద జోకులు మొదలయ్యాయి. అదలా ఉంచు, నాకు భయం వేస్తోంది. గుండె జబ్బా? లేక నాన్నకూ ఇలాగే కదా జరిగింది? తాగినప్పుడల్లా కక్కుకుని, చచ్చిపోతున్నానని అమ్మ చేతులు పట్టుకునేవాడు. అలాగే మానేశాడు. దేవుడు నన్నూ ముట్టాడా అక్కా? నిజంగా అడుగుతున్నాను.

జోనా

మార్కాపురం
సెప్టెంబరు

జోనా,

ఫోన్‌లో చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను. అమ్మ పక్కనే ఉండటంతో సరిగా చెప్పలేకపోయాను.

ఆ పొడి పారెయ్. బూజు పట్టింది. కందులు తడిసినవట, అమ్మ చూసుకోలేదు. ఒక్క మెతుకు కూడా దాంతో తినకు. ఇంకో రెండు వారాల దాకా బీరు, బ్రాందీ ఏదీ నోట పెట్టకు. దగ్గు మందు కూడా నన్ను అడగకుండా తాగకు. నీ గుండెకు ఏమీ లేదు. నా మీద ఒట్టు, భయపడకు.

ఎందుకు, ఏమిటి అని అడగకు. అమ్మనైతే అసలే అడగకు. నేను చెప్పినట్టు చెయ్, అంతే.

ప్రమీల

మారతహళ్ళి
అక్టోబరు

అక్కా,

నీ మాట ప్రకారం చుక్క ముట్టలేదు. ఇక ముట్టనేమో కూడా. ఆ భయం పట్టుకున్నాక గ్లాసు చూస్తే చెయ్యి దాని వైపు పోవడం లేదు. అమ్మతో ఫోన్‌లో మానేశానని చెప్పాను. అవతల ఎంత ఏడ్చిందో! అందుకైనా మానడం మంచిదే అనిపించింది. వీరభద్రం గారు కూడా ఏమీ అనలేదు, పైగా పర్మనెంట్ చేస్తున్నామన్నాడు. బీరు తాగకపోతే ఉద్యోగం రాదన్నది నా పిచ్చి ఊహ అన్నమాట.

పొడి సంగతి. డబ్బా తెరిచి వెలుతుర్లో చూశాను. బూజు ఎక్కడా లేదు. అమ్మ రోట్లో దంచిన పొడి, చెత్తబుట్టలో పోయడానికి చేతులు రాలేదక్కా. నువ్వు తినొద్దన్నావు కాబట్టి నేను తినలేదు, అంజికి ఇచ్చేశాను. వాడికి రాళ్ళు తిన్నా అరుగుతాయి. నెయ్యి వేసుకుని మూడు పూటలా అదే. "మీయమ్మ చేతిలో ఏముండాదప్పా!" అంటున్నాడు.

వచ్చే శుక్రవారం వాడి పుట్టినరోజు. అందరికీ వాడే తాగిస్తాడట. నేను సోడాతో వెళ్ళి కూర్చుంటాను.

జోనా

మారతహళ్ళి
అక్టోబరు

అక్కా,

అంజి పోయాడు.

నువ్వు ఫోన్ చేసేసరికి నేను ఆసుపత్రి వరండాలో ఉన్నాను. నా ఉత్తరం ఇప్పుడే అందిందన్నావు. హలో కూడా అనకుండా "అంజి ఆ పొడి తింటున్నాడా?" అని అరిచావు. తిన్నాడని చెప్పాను. తాగాడని కూడా చెప్పాను. నువ్వు ఏడ్చి ఫోన్ పెట్టేశావు. మళ్ళీ చేస్తే తీయడంలేదు. అందుకే రాస్తున్నాను.

మొదటి గ్లాసుకే వాడి మొహం ఎర్రబడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జోనా రోగం అంటుకుందన్నారు. "చల్లగా ఇంకోటి పడితే సరిపోతాదిలేప్పా," అని గటగటా తాగేశాడు. తర్వాత ఎవరో బ్రాందీ తెప్పించారు, పుట్టినరోజు కదా అని. కక్కుకున్నాడు. గుండె పట్టుకున్నాడు. నా భుజం మీద తల పెట్టి, "జోనా, ఊపిరి ఆడట్లేదప్పా," అన్నాడు. ఎర్రగా ఉన్నవాడు తెల్లగా అయిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చేతులు చల్లబడ్డాయి. ఎంత తాగాడని అడిగారు. ఎంతో కొంత చెప్పాం. తాగుడెక్కువై గుండె ఆగిందని తేల్చారు.

గంగమ్మ పని బట్టల్లోనే వచ్చింది, సిమెంటు మరకలతో. వాడి బంధువులు ఆమె వినేలాగే అన్నారు, తాగి సచ్చినోనికి ఏమి ఏడుపు అని. ఆమె ఏడవలేదు కూడా. శవం ముందు నిలబడి, "తాగనని నాకు మాటిచ్చినావు కదరా, దొంగనాకొడకా," అని తిట్టింది. వాడి ఫోటోకు దండ వేయనివ్వలేదు.

వాడు అంత తాగలేదక్కా. రెండు గ్లాసులూ, కొంచెం బ్రాందీ. నేను చూస్తూనే ఉన్నాను. అంతకన్నా ఎక్కువ తాగి కూడా వాడు నన్ను మోసుకొచ్చాడు.

పొడిలో ఏముంది?

జోనా

మార్కాపురం
నవంబరు

జోనా,

నాలుగుసార్లు రాసి చించేశాను.

తాగుడు మానాలని వచ్చేవాళ్ళకు ఇచ్చే మాత్ర ఒకటుంది. అది ఒంట్లో ఉండగా బీరో బ్రాందీయో పడితే ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆ సంగతి తాగేవాడికి చెప్పి, వాడు సరేనంటేనే ఇవ్వాలి. మన అమ్మ నాన్నకు చెప్పకుండా పెట్టింది. ఏళ్ళ తరబడి పులుసులో కలిపింది. నాన్నను దేవుడు ముట్టాడని మనం పాటలు పాడుకున్నాం.

నీ ఫోటో చూశాక మళ్ళీ ఏదో షాపులో తెచ్చి, నూరి, కందిపొడిలో కలిపింది. నువ్వు గుండె దడ అని రాయగానే నాకు ఆ మాత్రే గుర్తొచ్చింది. ఇంటికి పోయి అమ్మను నిలదీశాను. ఒప్పుకుంది. "మీ నాయన్ని బాగుచేసుకోలా? నా బిడ్డను నేను బాగుచేసుకోకూడదా?" అంది. ఎంత ప్రమాదమో చెప్పాను. నా కాళ్ళు పట్టుకుంది. "వాడికి చెప్పబాకమ్మా. తెలిస్తే నా చేతి కూడు జన్మలో తినడు," అని. అందుకని బూజు అన్నాను. నర్సునై ఉండి, అది విషమని ఒక్క మాట చెప్పి ఉంటే నువ్వు ఎవరికీ ఇచ్చేవాడివి కాదు. అమ్మ పరువు కాపాడుదామనుకున్నాను. ఆ అబ్బాయిని చంపేశాను.

నువ్వు మానేశానన్న ఆదివారమే అమ్మ సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది. "నా బిడ్డ నోటికి దేవుడు ఆ దరిద్రాన్ని చేదు చేశాడు," అని. అందరూ స్తోత్రం అన్నారు. నేను పక్కనే తల వంచుకుని కూర్చున్నాను. అంజి పోయాడని చెబితే, "చూసినావా, తాగితే ఏమవుద్దో!" అంది. ఆమెకు పొడి వాడికి చేరిందని తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

గంగమ్మకు చెప్పకు జోనా. చెబితే ఆమె బిడ్డ తిరిగి రాడు. అమ్మను పోలీసులు తీసుకుపోతే ఈ వయసులో బతకదు. నా ఉద్యోగమూ పోతుంది. ఇలా రాయడం పాపమని తెలుసు. తెలిసే రాస్తున్నాను. నన్ను ఏమైనా అనుకో, చెప్పకు.

అక్క

మారతహళ్ళి
నవంబరు

అక్కా,

చెప్పేశాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు గదిలోనే పడున్నాను. ఎదురు మంచం మీద వాడి దుప్పటి అలాగే ఉంది. నువ్వు చెప్పిన కారణాలన్నీ నాకూ నిజమే అనిపించాయి. అమ్మ మీద కోపం పట్టలేకపోయాను, అంతలోనే అమ్మ జైల్లో కూర్చున్నట్టు కళ్ళముందు కనబడి ఏడ్చాను. కానీ అక్కా, ఆమె తన కొడుకును తిడుతూ ఉంది. అది భరించలేకపోయాను. ఆదివారం చర్చికి పోకుండా దేవనహళ్ళి బస్సెక్కాను.

రేకుల షెడ్డు. గంగమ్మ బయట గిన్నెలు తోముతోంది. "వచ్చినావాప్పా, కూర్చో," అని నీళ్ళిచ్చింది. కూర్చోకుండానే చెప్పాను. మాత్ర సంగతి, అమ్మ, నువ్వు, నేను డబ్బా వాడి చేతికివ్వడం, ఏదీ దాచలేదు. ఆమె గిన్నె పట్టుకుని అలాగే వింది.

"అయితే నా కొడుకు తాగి సావలేదా?" అంది.

"లేదమ్మా. అందరిలాగే తాగాడు. ఆ పొడి లేకపోతే పొద్దున్నే లేచి ఆఫీసుకు వచ్చేవాడు."

అప్పుడు ఏడ్చిందక్కా. శవం ముందు ఏడవని మనిషి, మట్టిలో కూలబడి గుండెలు బాదుకుంది. "సచ్చినోన్ని తిట్టినా కదప్పా! ఊరోళ్ళందరి ముందర తిట్టినా! నీళ్ళు కూడా ఇడవలేదే వానికి! అన్నం తిని సచ్చినోన్ని తాగుబోతు అంటిని కదరా అంజీ!" నేను ముట్టుకోబోతే తోసేసింది. షెడ్డుల్లోని వాళ్ళంతా చేరారు. నన్ను కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగింది. "మీయమ్మకు తెలుసునా, ఎవురు సచ్చినారో?"

తెలియదన్నాను.

"ఆయమ్మను తోడుకోని రా. నా ముందర కూర్చోవల్ల. పోలీసోళ్ళకు చెప్పేదా లేదా అనేది ఆయమ్మ మొగం చూసినంక అనుకుంటా. నువ్వు పో ఇప్పుడు. నిన్ను చూడలేను."

ఫోన్‌లో చెప్పగలిగే మాట కాదని రాస్తున్నాను. ఈసారి అమ్మకు సగం చెప్పకు. బెంగళూరు చూద్దాం రమ్మని, నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి తీసుకురాకు. ఇందులో ఉన్నదంతా చదివి వినిపించు. విన్నాక రానంటే, నేనే వచ్చి తీసుకుపోతాను.

జోనా

మార్కాపురం
నవంబరు

జోనా,

నీ ఉత్తరం చదివి వినిపించాను. గంగమ్మ మాటల దగ్గర చదవడం ఆపేశాను. అమ్మ "చదువు" అంది. మళ్ళీ మొదటినుంచి చదివించుకుంది. పేరు అడిగింది. అంజి, అన్నాను. ఆంజనేయులా అంది. నాకు తెలియదన్నాను. ఎన్నేళ్ళు అంది. నీ ఈడువాడే అన్నాను. ఆ సాయంత్రం ప్రార్థన కూడా చేసుకోలేదు.

బుధవారం కూటానికి వెళ్ళి, పాస్టరు గారు వాక్యం మొదలుపెట్టకముందే లేచి నిలబడింది. తాను చెప్పిన సాక్ష్యం అబద్ధమంది. నాన్న సంగతి, నీ సంగతి, ఆ అబ్బాయి సంగతి అందరికీ చెప్పింది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టబోతే విడిపించుకుని ఇంటికి నడిచి వచ్చేసింది. నేనూ మా మేట్రన్ గారికి చెప్పేశాను. ఏం చేస్తారో చేయనీ.

రేపు రాత్రి బస్సుకు బయలుదేరుతున్నాం. బస్టాండుకు రా, నేరుగా దేవనహళ్ళి పోదాం. నువ్వు మాతో మాట్లాడకపోయినా పరవాలేదు, దారి చూపించు.

బట్టలు సర్దుకుంటుంటే అమ్మ అలవాటుగా వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించి, "ఆమెకు ఏం చేసుకుని పోదామే?" అంది. అంటూనే నా మొహం చూసింది. పొయ్యి ఆర్పేసి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ కడుక్కుంది. వట్టి చేతులతోనే వస్తున్నాం.

ప్రమీల